ఏ మందు?

విల్లో బెండ్, ఆర్కాన్సా
జూలై 8, 1979

మణి వదినకి, పత్తి చేల మధ్య నుంచి నీ మరదలు విమల వందనాలు.

నీ ఉత్తరం అందింది. అందులో సగం తిట్లు, సగం నిమ్మకాయ ఊరగాయ పెట్టే పద్ధతి. తిట్లు నేనుంచుకుని ఊరగాయ మీ అన్నయ్యగారికి అప్పజెప్పాను. మా వారు కృపావరంగారు ఏ పనైనా లెక్క ప్రకారం చేస్తారు కదా, హైస్కూల్లో లెక్కలు చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది, ఉప్పుని తక్కెట్లో తూచి మరీ వేశారు. తినడానికి మాత్రం భయంగా ఉంది.

"అరోరాలో అన్నయ్య ఇంటి పక్కన హాయిగా ఉండక ఆ పల్లెటూరికి ఎందుకు పోయావే" అని మళ్ళీ అడిగావు. ఏడాదిగా నీదీ అదే ప్రశ్న, నాదీ అదే జవాబు. ఈ కౌంటీ మొత్తానికి ఉన్నది మా క్లినిక్ ఒక్కటే. డాక్టర్ హ్యాచర్ అనే ముసలాయన ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. ఇప్పుడు మేమిద్దరం. పురుళ్ళ దగ్గర్నుంచి ముసలమ్మల మోకాళ్ళ దాకా ఏదొచ్చినా మేమే చూడాలి. ఫ్యామిలీ డాక్టరంటే అదే. గుంటూరులో చదువుకునేటప్పటి నుంచీ నేను కోరుకున్నదీ అదే.

ఇంకో సంగతి, నవ్వకూడదు. వచ్చే వేసవిలో నాకు పరీక్ష. మా ఫ్యామిలీ డాక్టర్లు ఒకసారి పాసైతే చాలదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ రాయాలి. పైగా కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ అని ఇన్ని గంటలు పాఠాలు విన్నట్టు చూపించాలి. అందుకని మా కార్లో పాటలు పోయి పాఠాల క్యాసెట్లు వచ్చాయి. మొన్న చర్చికి వెళ్తూ మూత్రపిండాల మీద క్యాసెట్ పెట్టాను. మీ అన్నయ్యగారు కునికిపాట్లు పడుతూ విని, "ఈ పాస్టర్ బాగా చెప్తున్నాడు" అన్నారు.

క్లినిక్‌లో మాత్రం ఊపిరాడటం లేదు. ఈ సీజను వచ్చిందంటే చాలు, మధ్యాహ్నానికల్లా మందు కొట్టి వచ్చినవాళ్ళతో హాలు నిండిపోతుంది. వాంతులు, చెమటలు, నోట్లోంచి చొంగ. ముసలాయన అందరికీ స్టమక్ ఫ్లూ అని పేరుపెట్టి మాత్రలిచ్చి పంపేస్తాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. మొన్న మీ అన్నయ్యగారు కూడా, సెలవుల్లో ఇంట్లో తోచక, వాళ్ళు మందు కొట్టే చోటికి పోయి చాలాసేపు అక్కడే ఉండి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ తూలుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలోనే వాంతి చేసుకున్నారు. బట్టలు విప్పించి తలారా స్నానం చేయించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. దేవకుమార్ అన్నయ్యకి చెప్పకు, కంగారు పడతాడు.

అదిగో, పిలుస్తున్నారు. మిగతాది తర్వాత.

నీ మరదలు
విమల

———

అరోరా, ఇల్లినాయ్
జూలై 15, 1979

విమలా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ఎవరిదో పెళ్ళి గౌను, చేతిలో ఉన్నది ఉన్నట్టు నేల మీద పడిపోయింది. ఫోన్ చేద్దామని నంబరు సగం తిప్పి పెట్టేశాను. ఆయనే ఎత్తితే ఏమని అడగను? "అన్నయ్యగారూ, ఇవాళ నిలబడగలుగుతున్నారా" అనా?

అయ్యో నా బంగారం, ఎంత మామూలుగా రాశావే! ఊరు ఊరంతా మందు కొట్టి నీ క్లినిక్‌కి వస్తుంటే, మన కృపావరం అన్నయ్యగారు వాళ్ళ సావాసం పట్టారా? మీ పెళ్ళిచూపుల్లో కాఫీ కూడా వద్దని మంచినీళ్ళు తాగిన మనిషి! చర్చిలో కీర్తన ఎత్తుకుంటే కిటికీలు అదిరేవి! నేనప్పుడే అన్నాను, తెలుగు మాట వినపడని చోట మగవాణ్ణి సెలవుల్లో ఖాళీగా ఉంచకూడదని. నా మాట ఎవరు విన్నారు?

నువ్వు చెప్పొద్దన్నావు కానీ మీ అన్నయ్యకి చెప్పేశాను. నా కడుపులో మాట దాగదని నీకు తెలుసు. ఆయన వెంటనే కారు తాళాలు తీసుకున్నారు. "వెళ్ళి ఏం చేస్తారు, బావగారి చేతిలో సీసా లాక్కుంటారా" అని నేనే ఆపాను.

ఆదివారం ప్రార్థన కూడికలో పెట్టాను. పేరు చెప్పలేదమ్మా, నా మీద నమ్మకముంచు. "ఆర్కాన్సాలో మా దగ్గరి బంధువు ఒకరు తాగుడు వ్యసనంలో పడ్డారు, విడుదల కోసం ప్రార్థన చెయ్యండి" అన్నాను, అంతే. పక్కనుంచి విజయశ్రీ "లెక్కల మాస్టారా?" అంది. ఏం చెయ్యమంటావు, ఆర్కాన్సాలో మా అందరికీ తెలిసిన తెలుగువాళ్ళు మీరొక్కరే. అందరూ కళ్ళనీళ్ళతో ప్రార్థన చేశారు. పాస్టర్ పరంజ్యోతిగారు అన్నయ్యగారికి విడిగా ఉత్తరం రాస్తానన్నారు.

ఊరందరికీ మందులిచ్చే డాక్టరువి, ఇంట్లో మందు మాన్పించలేవా? మజ్జిగ బాగా పట్టించు. గట్టిగా అరవకు, మొండికేస్తారు. ఇంకోటి, ఆ పెద్ద డాక్టర్ని "ముసలాయన", "పంపేస్తాడు" అని రాస్తున్నావేంటి? పెద్దవాళ్ళు కదా, "గారు" పెట్టు, "అంటారు" అను. దూరం పోయినంత మాత్రాన మర్యాద పోవాలా?

నీ కోసం మోకాళ్ళ మీద ఉన్న
మణి వదిన

———

విల్లో బెండ్
జూలై 22, 1979

వదినా, దణ్ణం పెడతాను, ముందు ఆ ప్రార్థన ఆపించు.

పురుగుమందు! పత్తికి కొట్టే పురుగుమందు వదినా! గుంటూరు దాని ఉత్తరాన్ని గుంటూరు దానివే అర్థం చేసుకోలేకపోతే నేనెవరితో మొరపెట్టుకోను? మా ఊళ్ళో మిరపచేలకి మందు కొట్టారంటే మీ ఊళ్ళో ఏమనుకునేవాళ్ళు, చేలు తూలుతున్నాయనా? మాది డ్రై కౌంటీ. ఇక్కడ నువ్వనుకున్న మందు అమ్మితే జైల్లో పెడతారు.

మనవైపులా వీపున డబ్బా కట్టుకుని కొట్టరు ఇక్కడ. చిన్న విమానంలో తెచ్చి చేను మీద కుమ్మరిస్తారు. ఏ సాలు అయింది, ఏది కాలేదు అని పైవాడికి తెలియడానికి చేలో ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడతాడు. విమానం అతని నెత్తిమీదుగా పోతుంది, అతను నాలుగడుగులు పక్కకి జరుగుతాడు, మళ్ళీ విమానం వస్తుంది. మీ అన్నయ్యగారు గట్టు మీద నిలబడి ఆ విన్యాసాలు చూస్తూ ఉండిపోయారు. గాలి ఇటు తిరిగింది. జరిగింది అదీ.

పాస్టర్‌గారి ఉత్తరం నిన్న వచ్చింది. "మత్తునొదిలి మేల్కొను సోదరా" అని మొదలు. ఈయన అది చదివి ఎర్రకలం తీసుకుని అందులో అచ్చుతప్పులు దిద్దడం మొదలుపెట్టారు. అంటే ఎంత కోపం వచ్చిందో ఊహించుకో.

నేను మాత్రం పడీపడీ నవ్వాను. గురువారం దాకా నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత నవ్వు పోయింది.

రూఫస్ అని జెండా పట్టే మనిషి ఉన్నాడు. నల్లజాతి అతను, వాళ్ళ చర్చిలో డీకన్, అంటే సంఘపెద్ద. గురువారం మధ్యాహ్నం బజారులో తూలుతూ, చొంగ కారుస్తూ, మాట ముద్దయిపోయి కనిపించాడట. షెరీఫ్ మనుషులు తాగాడని తీసుకుపోయి లాకప్పులో పడేశారు. నల్లవాడు, పైగా తూలుతున్నాడు, వాళ్ళకి ఇంకే సాక్ష్యం కావాలి? అతని భార్య పరుగున క్లినిక్‌కి వచ్చింది. ముసలాయన "నిద్రపోతే దిగిపోతుందమ్మా, రేపు పొద్దున తీసుకెళ్ళు" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "డాక్టర్, నా భర్త చుక్క ముట్టడు" అంది. వదినా, నాకు నువ్వు గుర్తొచ్చావు. సంచీ పట్టుకుని పరిగెత్తాను.

లాకప్పులో నేల మీద పడి ఉన్నాడు. చెమటతో చొక్కా పిండేసినట్టుంది. ఊపిరి తీస్తుంటే గురగుర. కండలు అక్కడక్కడా ఎగురుతున్నాయి. కళ్ళు తెరిచి లైటు వేస్తే కంటిపాపలు గుండుసూది మొనంత! సారా తాగినవాడి పాపలు అలా ఉండవు. గుంటూరు ఆస్పత్రిలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు పురుగుమందు తాగినవాళ్ళని ఎంతమందిని చూశాను! వీళ్ళు తాగలేదు, ఒళ్ళు తాగింది. చర్మంలోంచి, ఊపిరిలోంచి లోపలికి పోయింది. అక్కడికక్కడే దీనికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించి, బట్టలు కోయించి, గొట్టం పెట్టి నీళ్ళు పోయించి కడిగించాను. నోరు ఎండి, గురగుర తగ్గేదాకా ఎక్కిస్తూనే ఉన్నాను. ఇప్పుడు మెంఫిస్‌లో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బతికాడు.

ముసలాయన ఏమన్నాడో తెలుసా? "రెండూ అయుంటాయి, కొంచెం తాగుంటాడు, కొంచెం ఎండ కొట్టుంటుంది" అన్నాడు.

నువ్వు మాటని చూసి పొరపాటు పడ్డావు. వీళ్ళు మనిషిని చూసి పొరపాటు పడుతున్నారు. నీ పొరపాటుకి ఒక లెక్కల మాస్టారి పరువు పోయింది. వీళ్ళ పొరపాటుకి ప్రాణం పోతుంది. వచ్చే ఏడాది మళ్ళీ పత్తి వేసేలోగా ఈ చుట్టుపక్కల డాక్టర్ల చేత కంటిపాపలు చూడటం అలవాటు చేయించాలి. లేకపోతే ఇంకో రూఫస్ ఆ లాకప్పులోనే పోతాడు. ఇప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

విమల

———

అరోరా
ఆగస్టు 5, 1979

విమలకి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుట్టుమిషను కింద పెట్టుకున్న వదిన రాయునది.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ పెళ్ళి అయిపోయి భోజనాలు కూడా అయిపోయాయి. ఏం జరిగిందంటే, అన్నయ్యగారు పాస్టర్‌గారికి జవాబు రాశారట కదా, "నేను ఒక్క చుక్క కూడా ముట్టుకోవడం లేదు" అని. పాస్టర్‌గారు దాన్ని కూడికలో పైకి చదివి, "విడుదల కలిగింది!" అన్నారు. అందరూ చప్పట్లు. విజయశ్రీ ఏడ్చేసింది. అన్నయ్యగారు ఈసారి వచ్చినప్పుడు, ఎలా మానారో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలట, తేదీ కూడా వేసుకున్నారు. ఇప్పుడు నేను లేచి, ఆయన అసలు తాగనే లేదు అంటే, ఇన్నాళ్ళ ప్రార్థన ఏమైనట్టు? మీ అన్నయ్య రెండు రోజుల్నుంచి నా మొహం చూడగానే "మందు" అని నవ్వుతున్నారు.

రూఫస్ సంగతి చదివి మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ భార్య మాట ఒక్కరైనా నమ్మారు, అది నువ్వయ్యావు. నేనైతే మన ఇంటి మనిషి అన్నయ్యగారినే నమ్మలేదు, చూడు.

కానీ జాగ్రత్తే. ఆ పొలాలు ఎవరివి, ఆ విమానాలు ఎవరివి? వాళ్ళు ఊరుకుంటారా? ఆ పెద్ద డాక్టర్‌గారితో కూడా మెల్లగా మాట్లాడు. నువ్వు కోపంలో ఇంగ్లీషు మర్చిపోతావు.

మణి

———

విల్లో బెండ్
జనవరి 13, 1980

వదినా,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన రవికెలు సరిపోయాయి. అన్నయ్యకి పంపిన మిరపకాయలు ఘాటుగా ఉన్నాయా? అవి మా పెరట్లోవే. మందు కొట్టనివి. ఏ మందూ.

నువ్వు భయపడ్డట్టే జరుగుతోంది. రూఫస్ రక్తం పరీక్షలో పురుగుమందు విషమని ఖాయంగా తేలింది. ఆ కాగితం ముసలాయన ముందు పెట్టాను. "ఒక్కడు కదా డాక్టర్ విమ్లా" అన్నాడు. నా పేరు ఇంతకంటే పలకలేడు. పోయిన నెల చుట్టుపక్కల కౌంటీల డాక్టర్ల విందులో నాకు మాట్లాడే అవకాశం ఇచ్చారు. కణాలు, రసాయనాలు, పటాలు, అన్నీ చూపించాను. వాళ్ళు కేకు ముక్కలు తింటూ మర్యాదగా విన్నారు. అయిపోయాక ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: మా దేశంలో పాములు ఇళ్ళల్లోకి వస్తాయా అని.

ఇంటికొచ్చి ఏడ్చాను. దాచడం దేనికి, బాగా ఏడ్చాను. మీ అన్నయ్యగారు పక్కన కూర్చుని, "నీ లెక్క తప్పు కాదు, చెప్పిన పద్ధతి తప్పు" అన్నారు. క్లాసులో వెనక బెంచీ వాళ్ళకి కూడా ఇలాగే చెప్తారేమో, వెంటనే తల పగలగొట్టాలనిపిస్తుంది.

క్యాల్హూన్ అని ఇక్కడ అందరికంటే పెద్ద రైతు, మా క్లినిక్ బోర్డుకి ప్రెసిడెంటు. ఆయనకీ సంగతి చేరింది. "చేలల్లో మందు పోసేది పంట కోసం, మీ ఉపన్యాసాల కోసం కాదు. అక్టోబరులో మీ కాంట్రాక్టు మళ్ళీ చూడాలి" అన్నాడు. ముసలాయన పక్కనే ఉన్నాడు, నేల చూపులు చూశాడు.

ఒక్క దారి ఉంది. మే నెలలో లిటిల్‌రాక్‌లో ఫ్యామిలీ డాక్టర్ల రాష్ట్ర సమావేశం. కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటలు కావాలి కాబట్టి అన్ని కౌంటీల నుంచీ వస్తారు. తలుపు దగ్గర సంతకం పెట్టాక బయటికి పోలేరు. అందులో మాట్లాడతానని రాస్తే ఒప్పుకున్నారు. ఇచ్చిందేమో భోజనాల తర్వాత, శనివారం. అంటే అందరూ నిద్రపోయే వేళ. వాళ్ళు మేల్కొని వింటే వేసవిలో ప్రాణాలు నిలబడతాయి. నిద్రపోతే మళ్ళీ పాముల ప్రశ్నే.

ఏం చెయ్యను వదినా? నాకు కథలు చెప్పడం రాదు. అది మీ పుట్టింటి విద్య.

విమల

———

అరోరా
ఫిబ్రవరి 3, 1980

ఏడుపుగొట్టు మరదలికి,

కళ్ళు తుడుచుకుని విను. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్తాను.

పోయిన ఆదివారం పాస్టర్‌గారు మళ్ళీ అన్నయ్యగారి సాక్ష్యం సంగతి ఎత్తారు. ఇంక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, ఆయన తాగింది మందు కాదు. కాదు, మందే కానీ ఆ మందు కాదు" అన్నాను. అందరూ నోళ్ళు తెరిచారు. ఇంక మొత్తం చెప్పేశాను. నీ ఉత్తరం, గౌను కింద పడటం, పురుగుమందు, విమానం, ఎర్రకలం, అన్నీ. విజయశ్రీ నవ్వలేక కుర్చీ పట్టుకుంది. పాస్టర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ తర్వాత రూఫస్ గురించి చెప్పాను. లాకప్పు, భార్య, గుండుసూది మొనంత కంటిపాపలు. విమలా, హాల్లో చిన్నపిల్లలు కూడా కదల్లేదు.

భోజనాల తర్వాత కూడికలో ఎవరూ నిద్రపోకపోవడం నేను ఇదే చూడటం. కూడిక అయ్యాక మా విజయశ్రీ వాళ్ళ అబ్బాయి దామోదర్, సైన్సంటే ఆమడ దూరం పారిపోయే పిల్లాడు, నా దగ్గరికొచ్చి, "ఆంటీ, పాపలు చిన్నవైతే పురుగుమందు, అంతేగా?" అన్నాడు. చూశావా, గుర్తుండిపోయింది.

నువ్వు కూడా అదే చెప్పు. కణాలూ పటాలూ తర్వాత. ముందు నవ్వించు. మా భాషలో జబ్బు తగ్గించేదీ మందే, మత్తెక్కించేదీ మందే, పురుగుని చంపేదీ మందే అను. మా వదిన ఒక మందుని ఇంకో మందు అనుకుంది, మీరూ అదే చేస్తున్నారు అని చెప్పు. నా పేరు కూడా చెప్పు. మణి అని స్పష్టంగా చెప్పు. ఎలాగూ పరువు పోయింది, పోయిన పరువు ఒకళ్ళ ప్రాణానికి పనికొస్తే నాకంటే అదృష్టవంతురాలెవరు?

నిద్రపోనివ్వని
వదిన

———

విల్లో బెండ్
మే 11, 1980

వదినా! వదినా! వదినా!

గెలిచాం.

నిన్న ఆ వేదిక ఎక్కాను. హాలు నిండా డాక్టర్లు, పొట్టల నిండా వేయించిన కోడి. మొదటి వరుసలోనే ఒకాయన గడ్డం ఛాతీకి ఆనించేశాడు. నేను పటాలు పక్కన పెట్టి, "నాకు మణి అని ఒక వదిన ఉంది. ఆవిడ నా భర్తని తాగుబోతుని చేసింది" అన్నాను. ఆ గడ్డం పైకి లేచింది.

మూడు మందులూ చెప్పాను. నల్లబల్ల మీద తెలుగులో "మందు" అని పెద్దగా రాసి, అందరి చేతా పలికించాను. "మ్యాండూ" అని హాలంతా అరిచింది. నీ ప్రార్థన కూడిక దగ్గర నవ్వు ఆగలేదు. సరిగ్గా ఆ నవ్వు మధ్యలో, "ఇదే పొరపాటు పోయిన జూలైలో మా ఊళ్ళో ఒక మనిషి విషయంలో జరిగింది" అని రూఫస్ దగ్గరికి వచ్చాను. చివర్న, "ఈ వేసవిలో ఎవరైనా తూలుతూ మీ ముందుకి వస్తే, ఇది ఏ మందు అని ఒక్కసారి అడగండి. అడిగి కంటిపాపలు చూడండి" అన్నాను.

అందరూ లేచి నిలబడ్డారు వదినా. అట్రోపిన్ ఎంత ఇవ్వాలి, బట్టలు ఎవరు విప్పాలి, రక్తం ఎక్కడికి పంపాలి, ప్రశ్నలే ప్రశ్నలు. మిసిసిపీ ఒడ్డు కౌంటీ డాక్టరొకాయన నా చెయ్యి పట్టుకుని, "పోయినేడాది నేను ఇద్దర్ని ఇంటికి పంపేశాను, వాళ్ళేమయ్యారో ఇవాళ వెళ్ళి కనుక్కుంటాను" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆవిడ నా మాటల్ని అచ్చువేయించి క్లినిక్కులన్నిటికీ పంపిస్తానంది. మీ అన్నయ్యగారు వెనక నిలబడి అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు. "తాగుబోతు భర్త ఈయనే" అని జనం ఆయనతో కూడా కరచాలనం చేశారు.

ఒక్కటే వెలితి. ముసలాయన కూడా వచ్చాడు. ఆయనకీ గంటలు కావాలి కదా. చిట్టచివరి వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నవ్వలేదు, మ్యాండూ అనలేదు. అయిపోయాక నా వైపు చూడకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. రాష్ట్రమంతా విన్నా మా క్లినిక్‌లో పక్క గదిలో ఉన్న మనిషి వినలేదు. జూలైలో పరీక్ష కోసం నేను మెంఫిస్ వెళ్ళాలి. ఆ రోజు క్లినిక్‌లో ఉండేది ఆయన ఒక్కడే.

నీ
విమల

———

అరోరా
మే 20, 1980

విమలా,

నీ ఉత్తరం కూడికలో చదివాను. ఈసారి చప్పట్లు నాకు! పాస్టర్‌గారు, "మణెమ్మగారి నోటి దురుసుని కూడా దేవుడు వాడుకున్నాడు" అన్నారు. మెచ్చుకున్నట్టా, వాత పెట్టినట్టా? మీ అన్నయ్య ఆర్కాన్సా మ్యాప్ గోడకి అంటించి నీ ఊరి దగ్గర ఎర్ర చుక్క పెట్టారు.

ఆ పెద్ద డాక్టర్ సంగతి వదిలెయ్యకు. చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ళే ఒక్కోసారి అందరికంటే బాగా వింటారు. మీ అన్నయ్య నా మాట వినేది అలాగే. పరీక్షకి బాగా చదువు. ఇంకా "చూశాడు", "వెళ్ళాడు" అనే రాస్తున్నావు. మర్యాద!

వదిన

———

విల్లో బెండ్
జూలై 20, 1980

మణి వదినకి,

తీరిగ్గా కూర్చుని చదువు. చేతిలో పెళ్ళి గౌన్లేవీ లేకుండా చూసుకో.

శుక్రవారం మెంఫిస్‌లో పరీక్ష. పొద్దుటి పేపరు అయింది. మధ్యాహ్నం పేపరుకి ముందు వరండాలో నిలబడి నువ్వు చెప్పినట్టు మజ్జిగన్నం తింటున్నాను. అక్కడి గుమస్తా ఒకావిడ పరుగున వచ్చి, "డాక్టర్ విమ్లా మీరేనా? విల్లో బెండ్ నుంచి ఫోను, అర్జెంటట" అంది. మీ అన్నయ్యగారికేమైనా అయిందేమోనని పరిగెత్తి ఫోన్ ఎత్తాను.

అటువైపు డాక్టర్ హ్యాచర్. హలో లేదు, ఏమీ లేదు.

"డాక్టర్, నా ముందు ఒక మ్యాండూ ఉంది" అన్నారు.

ఆయన నోట ఆ మాట!

"ఎవరు?" అన్నాను.

"క్యాల్హూన్. విమానంలో మందు నింపేచోట గొట్టం ఊడి మీద పడిందట. ఎవరికీ చెప్పకుండా చొక్కా తుడుచుకుని బజారుకి వచ్చాడు. తూలుతూ నన్ను బూతులు తిడుతున్నాడు. షెరీఫ్ స్వయంగా మోసుకొచ్చి, తాగాడు డాక్టర్, ఎవరికీ చెప్పకండి, గుట్టుగా ఇంటికి పంపేద్దాం అన్నాడు."

"మరి మీరు?"

"నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను కదా" అన్నారు. "ఇది ఏ మందు అని అడిగాను. పాపలు చూశాను. గుండుసూది మొన. బట్టలు కోసేసి కడిగించాను, ఒక మోతాదు ఇచ్చాను, తర్వాత ఇంకోటి ఇచ్చాను. ఇంకా చొంగ కారుతోంది, ఛాతీలో గురగుర ఉంది. నాకు భయంగా ఉంది డాక్టర్. ఇంకా ఇవ్వనా? ఎంతదాకా?"

"నోరు ఎండి, గురగుర తగ్గేదాకా ఇవ్వండి. భయపడకండి. మీరు చేసేది సరైనదే" అన్నాను. ఆయన ఫోను పెట్టెయ్యలేదు. నర్సుకి చెప్పడం వినిపిస్తోంది, ఇంజెక్షన్ చేసినట్టు తెలుస్తోంది. నేను మెంఫిస్‌లో గోడకి ఆనుకుని ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నాను. లోపల గంట కొట్టారు. గుమస్తా, "డాక్టర్, తలుపులు మూసేస్తారు" అంటోంది. అప్పుడు అటువైపు నుంచి క్యాల్హూన్ గొంతు లీలగా వినిపించింది. "నీళ్ళు" అన్నాడు. నోరు ఎండిపోయిందట!

"వెళ్ళండి డాక్టర్" అన్నారు హ్యాచర్. "మీరు వెళ్ళి మీ పరీక్ష రాయండి. నాది అయిపోయింది."

పరుగెత్తి వెళ్ళి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం పేపరులో ఒక ప్రశ్న ఏమొచ్చిందో చెప్పుకో చూద్దాం. పొలం పని చేసే మనిషి, వాంతులు, చెమటలు, చిన్న కంటిపాపలు. జవాబుకి గుర్తు పెట్టి, పరీక్ష హాల్లో అందరిలోనూ గట్టిగా నవ్వాను. చూసేవాళ్ళు నేనే మందు కొట్టానని అనుకుని ఉంటారు.

క్యాల్హూన్ బతికాడు. నిన్న మంచం మీద నుంచే బోర్డువాళ్ళని పిలిపించి, జెండా మనుషులందరికీ రబ్బరు కోట్లు, చేలగట్టున కడుక్కోవడానికి నీళ్ళ ట్యాంకులు పెట్టాలని రాయించాడు. నా కాంట్రాక్టు సంగతి అడిగితే, "ఏ కాంట్రాక్టు? ఆవిడ ఇక్కడే ఉంటుంది" అన్నాడట. ఆ రాసిన కాగితాన్ని రూఫస్ చేతికిచ్చి, పైలట్లందరికీ చదివి వినిపించమన్నాడు. రూఫస్ వాళ్ళ చర్చిలో ఇవాళ పొద్దున మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. మీ అన్నయ్యగారు కీర్తన ఎత్తుకున్నారు. అక్కడ కూడా కిటికీలు అదిరాయి. షెరీఫ్ మా దగ్గరికి మనిషిని పంపాడు, వచ్చే వారం లాకప్పు కాపలావాళ్ళందరికీ పాఠం చెప్పమని.

గమనించావో లేదో, పై నుంచీ "అన్నారు" అనే రాస్తున్నాను. నీకోసం కాదు. చెయ్యి దానంతటదే అలా రాస్తోంది.

నిన్న సాయంత్రం హ్యాచర్‌గారు ఒక అట్టముక్కా, లావుపాటి కలమూ పట్టుకుని నా గదిలోకి వచ్చారు. "ఆ మాట మీ భాషలో రాసిపెట్టండి, అట్రోపిన్ ఉండే అరకి అంటిస్తాను. ఇంగ్లీషులో రాస్తే నాకు అలవాటైపోయి చూడను. ఆ వంకర అక్షరాలు చూస్తే మీ వదినగారు గుర్తొస్తారు" అన్నారు. రాసిచ్చాను. ఆయన స్వయంగా అంటించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయారు.

కాబట్టి ఇప్పుడు మా క్లినిక్‌లో, డ్రై కౌంటీ నడిబొడ్డున, తాళం వేసిన ఒక అర మీద "మందు" అని పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఉంది. పాస్టర్ పరంజ్యోతిగారు ఎప్పుడైనా ఇటు వస్తే, ఆయన తలుపు తోసే ముందే నువ్వు ఫోన్ చేసి చెప్పాలి, అది ఏ మందో.

నీ పేరు మీద గెలిచిన
మరదలు విమల